మైక్‌సెట్టు నుంచి ఫోనుకు: హరికథను శుభ్రంగా రికార్డు చేసుకోవడం

మా గోదావరి జిల్లాల్లో శ్రీరామనవమి పందిళ్ళలోనూ, ధనుర్మాసంలో గుళ్ళ దగ్గరా ఇప్పటికీ హరికథలు జరుగుతున్నాయి. కథ మొదలవగానే ముందు వరుసల్లో ఫోన్లు పైకి లేస్తాయి. తెల్లవారేసరికి ఆ వీడియోలు వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతాయి. వాటిలో బొమ్మకు లోటుండదు. భాగవతార్ గారి మాట మాత్రం పిల్లల అరుపుల్లో, ఫ్యాను గాలిలో, హారన్ స్పీకర్ల ప్రతిధ్వనిలో కలిసిపోయి, పద్యం ఏదో వచనం ఏదో తెలియని స్థితిలో ఉంటుంది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తీర్చిదిద్దిన ఈ కళను మూడు గంటలపాటు ఒంటిగొంతుతో నిలబెట్టగలిగినవారు నానాటికీ తగ్గిపోతున్నారు కాబట్టి, ఇప్పుడు చెబుతున్న ప్రతి కథా వినదగినట్టుగా మిగలాలన్నది నా గట్టి కోరిక.

దానికి స్టూడియో అక్కరలేదు, పెద్ద ఖర్చూ అక్కరలేదు. కథ జరిగే చోట మంచి మైకు భాగవతార్ గారి ముందే ఉంది; మంచి రికార్డరు మన జేబులోనే ఉంది. ఈ రెంటినీ కలిపే వైరు దగ్గరే పని చెడుతుంది. ఫోను ఎలాంటి ధ్వనిని, ఎంత బలంతో, ఏ పిన్ను మీద ఆశిస్తుందో తెలుసుకుని ఆ వైరును అమర్చుకుంటే తక్కిన పని చాలావరకు తేలికవుతుంది. కొత్త మైకు కొనాలా అని నన్ను అడిగేవారందరికీ ముందు ఈ వైరు సంగతి చూడమనే చెబుతాను.

ఫోనులోని సొంత మైకు నాసిరకమైనదేమీ కాదు. ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే మనిషి గొంతును అది చక్కగా పట్టుకుంటుంది. కాని అది ఫోన్ సంభాషణ కోసం పుట్టినది కాబట్టి, చాలా ఫోన్లలో ఆ మైకు వెనుక రెండు పనులు మనకు తెలియకుండానే జరుగుతుంటాయి. మొదటిది, ధ్వని తగ్గినప్పుడు దాన్ని పైకి లేపి, పెరిగినప్పుడు కిందికి నొక్కే ఏర్పాటు. రెండవది, ఎడతెగకుండా ఒకే తీరున వినిపించే శబ్దాన్ని రొదగా భావించి చెరిపివేసే ఏర్పాటు. ఈ రెండూ హరికథకు శత్రువులే. శ్రుతిపెట్టె నాదం ఎడతెగనిది కనుక రొద కింద జమ అయి కాసేపటికి మాయమవుతుంది. భాగవతార్ గారు నాటకీయంగా ఒక్క క్షణం ఆగితే, ఆ నిశ్శబ్దంలో ఫ్యాను చప్పుడు ఉప్పెనలా పైకి వస్తుంది. ఆయన మళ్ళీ గొంతెత్తిన తొలి అక్షరం నలిగిపోతుంది. కథకుడు మౌనాన్ని ఎంత నేర్పుగా వాడితే రికార్డింగు అంత పాడవుతుందన్న మాట. కాబట్టి బయటి నుంచి ధ్వనిని తెచ్చుకోవడంతో పాటు, ఈ సర్దుబాట్లను ఆపే యాప్‌ను ఎంచుకోవడం కూడా అవసరం. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా ధ్వనిని ఎక్కడి నుంచి తీసుకోవాలి? మైక్‌సెట్టు వారి దగ్గర చిన్న మిక్సర్ ఉంటే దాని వెనుక గాని పైన గాని రెక్ అవుట్ అనో, టేప్ అవుట్ అనో రాసి ఉన్న రెండు గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి. మన కోసమే పెట్టారా అన్నంత అనువైన చోటు అది. మిక్సర్ లేకుండా యాంప్లిఫయర్ ఒక్కటే ఉన్నచోట, పల్లెల్లో తరచూ కనిపించే ఆహూజా వంటి పెట్టెల్లో చాలావాటికి వెనుకవైపు లైన్ అవుట్, అంటే స్పీకర్లకు కాక వేరే పరికరాలకు ధ్వనిని పంపే సాకెట్, ఉంటుంది. మైక్‌సెట్టు పెద్దాయనను “బాబాయ్, దీనికి లైన్ అవుట్ ఎక్కడుంది? ఒక్క వైరు తగిలించుకుంటాను, మీ సౌండుకేమీ కాదు” అని మర్యాదగా అడిగితే కాదన్నవారిని నేనింతవరకు చూడలేదు. అయితే కథ మొదలయ్యే ముందు, ఆయన వైర్లు పరుచుకుంటున్నప్పుడే అడగాలి. గణపతి ప్రార్థన మొదలయ్యాక వెళ్ళి పెట్టె వెనుక చేయి పెట్టడం ఎవరికీ నచ్చదు.

ఒక్క హెచ్చరిక. స్పీకర్లకు వెళ్ళే స్క్రూ టెర్మినళ్ళ నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోనుకు వైరు లాగకూడదు. దూరదూరంగా కట్టే హారన్ల కోసం ఈ యాంప్లిఫయర్లలో 70 వోల్టుల, 100 వోల్టుల లైన్లు ఉంటాయి. ఫోనును కాల్చడానికి అందులో కొద్ది భాగం చాలు, చేతికి తగిలితే మనిషికీ ప్రమాదమే.

ఇప్పుడు బలాబలాల లెక్క చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఎదురుగా మాట్లాడే మనిషి గొంతుకు ఒక సాధారణ డైనమిక్ మైకు పుట్టించే విద్యుత్తు ఒకటి రెండు మిల్లీవోల్టులు మాత్రమే. మిక్సర్ రెక్ అవుట్ నుంచి వచ్చే లైన్ స్థాయి ధ్వని మామూలుగా 0.316 వోల్టుల చుట్టూ ఉంటుంది. వృత్తిపరమైన పరికరాల అవుట్‌పుట్ అయితే 1.23 వోల్టులు. ఫోనుకున్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌లోని మైకు పిన్ను ఆశించేది మొదటి రకాన్ని. వందరెట్లకు పైగా బలమైన ధ్వనిని నేరుగా అందులోకి పంపితే తరంగాల తలలు తెగిపోయి, గొంతు బొంగురుగా, పగిలినట్టు రికార్డవుతుంది. ఇలా తెగిపోయిన ధ్వనిని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ఫోనులో వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు, నష్టం అంతకు ముందే లోపలి ద్వారం దగ్గర జరిగిపోయింది.

కాబట్టి జాక్ ఉన్న ఫోనుకు ధ్వనిని సుమారు 40 డెసిబెల్స్ తగ్గించి పంపాలి. అంటే వోల్టేజిని నూరోవంతు చేయాలి. ఇది రెండు రెసిస్టర్ల పని. లైనుకు వరుసగా 10 కిలో ఓమ్‌లది ఒకటి, ఆ తరువాత భూమికి, అంటే వైరులోని గ్రౌండ్ తీగకు, 100 ఓమ్‌లది ఒకటి వేస్తే లెక్క సరిపోతుంది. కాని ఇంతటితో ఆగితే ఫోను ఒక వింత పని చేస్తుంది. రికార్డింగు నడుస్తుండగా తనంతట తానే వాల్యూమ్ మార్చుకోవడమో, పాట వాయించడం మొదలుపెట్టడమో చేస్తుంది. కారణం ఏమిటంటే, ఇయర్‌ఫోన్ మీది బటన్లను ఫోను గుర్తుపట్టేది మైకు పిన్నుకూ భూమికీ మధ్య ఉన్న రెసిస్టెన్సును కొలిచే. ఆండ్రాయిడ్ నిర్దేశం ప్రకారం మైకు అనిపించుకోవాలంటే ఆ కొలత 1000 ఓమ్‌లు గాని, అంతకు మించి గాని ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే ఎవరో బటన్ నొక్కారని లెక్క. మన 100 ఓమ్‌ల రెసిస్టర్ ఫోను కంటికి ఒక బటన్‌లా కనిపిస్తోందన్న మాట.

దీనికి విరుగుడు కూడా చిన్నదే. ఆ రెసిస్టర్ల జంటకూ ఫోను మైకు పిన్నుకూ మధ్య 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టాలి. అది ఫోను తన మైకు కోసం పంపే చిన్న డీసీ వోల్టేజిని అడ్డుకుని, ధ్వనిని మాత్రం పోనిస్తుంది. ఫోను వైపున మైకు పిన్ను నుంచి భూమికి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే, అక్కడ నిజంగానే ఒక మైకు ఉందని ఫోను నమ్ముతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అయితే దాని ప్లస్ కాలు ఫోను వైపు ఉండాలి. ఈ నాలుగు వస్తువులూ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో చిల్లర డబ్బులకే దొరుకుతాయి. సోల్డరింగ్ తెలిసిన కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ సెల్ రిపేరు షాపుల్లో ఉన్నారు. కాగితం మీద ఈ బొమ్మ గీసి ఇస్తే వారు ఒక పెన్ను మూతలో పట్టేంత చిన్నదిగా చేసిస్తారు. సిద్ధంగా అమ్మే తగ్గింపు వైర్లు కూడా ఉన్నాయి గాని, కొనేముందు అది లైన్ నుంచి ఫోను మైకుకు పోయేదా, కేవలం పిన్నుల వరుస మార్చేదా అన్నది స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి.

పిన్నుల వరుస అన్నాను కనుక అది కూడా చెప్పాలి. ఇయర్‌ఫోన్ జాక్‌ను దగ్గరగా చూస్తే దాని లోహపు కడ్డీ మీద నల్లటివో తెల్లటివో మూడు వలయాలు కనిపిస్తాయి. అవి కడ్డీని నాలుగు భాగాలుగా విడదీస్తాయి. ఈనాటి ఫోన్లలో కొన నుంచి వరుసగా ఎడమ, కుడి, భూమి, మైకు. దీన్ని సీటీఐఏ వరుస అంటారు. కొన్ని పాత ఫోన్లలో చివరి రెండూ తారుమారై ఉంటాయి. దాన్ని ఓఎంటీపీ అంటారు. కెమెరాల కోసం చేసిన కాలర్ మైకు జాక్‌కు వలయాలు రెండే ఉంటాయి. దాన్ని అలాగే ఫోనులో గుచ్చితే దాని అడుగుభాగం భూమినీ మైకు పిన్నునూ కలిపేస్తుంది. అప్పుడు ఫోను దాన్ని మైకు లేని ఇయర్‌ఫోన్‌గా లెక్కగట్టి, సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది. తెర మీద ధ్వని రేఖలు కదులుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రికార్డింగు మొదలుపెట్టే ముందు ఫోను మైకు రంధ్రం దగ్గర గోటితో గీకి చూడాలి. ఆ గీకుడు పెద్దగా వినబడిందంటే బయటి ధ్వని లోపలికి రావడం లేదని అర్థం. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఈ జాక్ దారికి ఒక పరిమితి ఉంది. ఫోనుకు మైకు పిన్ను ఒక్కటే కనుక వచ్చేది మోనో ధ్వని. హరికథకు అది లోటేమీ కాదు, గొంతు ఒక్కచోటి నుంచే వస్తుంది. మంచి స్థితిలో ఉన్న పాత జాక్ ఫోను ఇంట్లో ఉంటే, సిమ్ తీసేసి దాన్ని రికార్డరుగా అట్టిపెట్టుకోమని సలహా ఇస్తాను.

2016లో ఐఫోన్ 7తో ఆపిల్ జాక్‌ను తీసివేసిన తరువాత మిగతా కంపెనీలలోనూ చాలావరకు అదే బాట పట్టాయి. ఇప్పుడు చాలామంది చేతిలో ఉన్నది టైప్-సీ రంధ్రం ఒక్కటే. దీనికి జాక్ తగిలించే చిన్న తోక వైర్లు రెండు రకాలు. ఒక రకంలో లోపల ఏమీ ఉండదు, ఫోనులోని ఆడియో చిప్పు నుంచి వచ్చే సిగ్నల్‌ను పిన్నుల ద్వారా బయటికి తెస్తాయంతే. రెండో రకంలో ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే చిన్న చిప్పు ఉంటుంది. మొదటి రకాన్ని ఒప్పుకునే ఫోన్లు కొన్నే కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్న తోక ఒక ఫోనులో పనిచేసి మరొక దానిలో పనిచేయదు. కొనదలిస్తే చిప్పు ఉన్నదే కొనాలి; అందులోనూ మైకును కూడా లోపలికి తీసుకునేదా అన్నది చూసుకోవాలి.

నా మటుకు టైప్-సీ ఫోనుకు ఇష్టమైన దారి చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. ఆండ్రాయిడ్ 5.0, అంటే 2014 నుంచి ఫోన్లు యూఎస్‌బీ ఆడియో పరికరాలను గుర్తుపట్టగలుగుతున్నాయి. ఏ డ్రైవరూ అవసరం లేని ప్రామాణిక పరికరం అయితే చాలు. బేరింజర్ యూసీఏ222 వంటి అరచేతిలో పట్టే పెట్టెకు రెండు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు ఉన్నాయి. మిక్సర్ రెక్ అవుట్ నుంచి రెండు వైర్లు నేరుగా దానికి, దాని నుంచి ఓటీజీ అడాప్టర్ (ఫోనుకు యూఎస్‌బీ పరికరాలను తగిలించే చిన్న ముక్క) ద్వారా ఫోనుకు. లైన్ స్థాయి ధ్వనిని తీసుకోవడానికే పుట్టినది కనుక పైన చెప్పిన రెసిస్టర్ల బాధ ఉండదు. లోపలికి వచ్చే ధ్వనిని తగ్గించే గుబ్బ మాత్రం దానికి లేదు, మరీ ఎక్కువగా వస్తుంటే మిక్సర్ దగ్గరే సర్దుకోవాలి.

ఇక్కడ అడ్డుపడేవి రెండు. ఒప్పో, వివో, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగుల్లో ఓటీజీ అనే మీట విడిగా ఉంటుంది, పది నిమిషాలు వాడకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది. పరికరాన్ని తగిలించాక ఫోను ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ముందు చూడవలసింది అక్కడే. రెండవది కరెంటు. ఇంటర్‌ఫేస్ తన విద్యుత్తును ఫోను బ్యాటరీ నుంచే తాగుతుంది. చిన్న లైన్ పెట్టెలతో ఇబ్బంది ఉండదు గాని, కండెన్సర్ మైకుకు దాని వైరులోంచే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే పెద్ద ఇంటర్‌ఫేస్‌ను తగిలిస్తే చాలా ఫోన్లు మోయలేక దాన్ని వదిలేస్తాయి. అటువంటప్పుడు విడిగా కరెంటు తీసుకునే రంధ్రం ఉన్న పరికరాన్ని ఎంచుకోవాలి. యమహా ఏజీ03 అనే చిన్న మిక్సర్‌లో ఈ ఏర్పాటు ఉంది: ఒక యూఎస్‌బీ రంధ్రం ఫోనుకు, మరొకటి 5 వోల్టుల కరెంటుకు. రెండో దానికి పవర్ బ్యాంక్ తగిలిస్తే ఫోను మీద భారం పడదు. ఐఫోన్లలో 2023 నాటి ఐఫోన్ 15 నుంచి టైప్-సీ వచ్చింది కనుక ఇదే పద్ధతి. అంతకు ముందువాటికి కెమెరా అడాప్టర్ కావాలి, అందులోనూ పక్కన చార్జింగ్ రంధ్రం ఉన్నదైతే మేలు.

పవర్ బ్యాంక్ అన్నాను గాని గోడ చార్జరు అనలేదు. కారణముంది. ఒక గుడి మండపంలో అన్నీ సరిగా అమర్చుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, గొంతు వెనుక గుయ్యిమని ఎడతెగని మోత. మిక్సర్ గుబ్బలన్నీ సున్నాకు దించినా పోలేదు, వైరు మార్చినా పోలేదు. ఫోను చార్జర్‌ను గోడ నుంచి పీకిన క్షణంలో అది చటుక్కున ఆగిపోయింది. మళ్ళీ గుచ్చితే మళ్ళీ వచ్చింది. మిక్సర్ ఒక దారిలో కరెంటు లైనుకు, ఫోను చార్జర్ ద్వారా మరొక దారిలో అదే లైనుకు కలిసి ఉన్నప్పుడు, మన ఆడియో వైరు ఆ రెండు దారులనూ మూసివేసే గుండ్రటి వలయంలో భాగమవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక ఆ స్థాయిలోనూ, దాని రెట్టింపు స్థాయిల్లోనూ మోత పుడుతుంది. ఫోనును బ్యాటరీ మీదే నడిపిస్తే వలయం తెగిపోతుంది. మూడు గంటల కథకు బ్యాటరీ చాలదనుకుంటే పవర్ బ్యాంక్ వాడాలి. అయినా మోత మిగిలితే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అమ్మే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల డబ్బీని పెట్టాలి. కార్ స్టీరియో సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. కొందరు మోత పోగొట్టడానికి యాంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరిచేస్తారు. అది ప్రాణాంతకం. తడి నేల మీద వట్టి కాళ్ళతో, చేతిలో లోహపు మైకుతో నిలబడే కళాకారుడికి ఆ ఎర్త్ ఒక్కటే రక్ష.

మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది, దాని లక్షణం మరీ విచిత్రంగా ఉంటుంది. రికార్డింగు హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా వినిపిస్తుంది. ఫోను సొంత స్పీకర్‌లో వేస్తే గొంతు మాయమై, ఎక్కడో దూరం నుంచి గజ్జెలూ చిడతలూ మాత్రం సన్నగా వినిపిస్తాయి. మిక్సర్ ప్రధాన అవుట్‌పుట్‌లో చాలావరకు ఒకే ధ్వని రెండు తీగల్లో తిరగబడి వస్తుంది. దాన్ని స్టీరియో వైరుతో తీసుకుంటే ఎడమ చెవికి వెళ్ళేదీ, కుడి చెవికి వెళ్ళేదీ ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకం. ఒక్క స్పీకర్‌లో రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే ప్రధాన అవుట్‌పుట్ జోలికి పోకుండా ఆర్‌సీఏ రెక్ అవుట్ తీసుకోమంటాను. ఇప్పటికే అలా రికార్డయి ఉంటే కంగారు పడనక్కరలేదు, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వనిని సరిదిద్దే సాఫ్ట్‌వేరులో ఫైలును తెరిచి ఒక చానల్‌ను తీసేసి రెండో దాన్ని మోనోగా ఉంచితే గొంతు పూర్తిగా తిరిగి వస్తుంది.

యాప్ సంగతి. ఫోనుతో వచ్చిన రికార్డరు చాలాసార్లు ధ్వనిని తన ఇష్టం వచ్చినట్టు సర్దుతుంది. ఆడియో సోర్సును మనమే ఎంచుకోనిచ్చే యాప్ కావాలి. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఏ మార్పూ చేయని ముడి ధ్వనిని అందించే సోర్సు కూడా ఒకటి ఉంది, ఫోను ఒప్పుకుంటే అదే మంచిది. వీడియో కూడా కావాలనుకునేవారికి ఓపెన్ కెమెరా అనే యాప్‌లో ఈ ఎంపిక ఉంది. ఫార్మాట్ వావ్, వేగం 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే వీడియోతో జతచేసేటప్పుడు ఇబ్బంది ఉండదు. 16 బిట్ల మోనో రికార్డింగు గంటకు దాదాపు 346 ఎంబీ, స్టీరియో అయితే దానికి రెట్టింపు. ఈనాటి ఫోన్లకు ఇది లెక్కలోనిది కాదు. యాప్ మీటరులో ధ్వని స్థాయి మామూలు మాటల్లో మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, గొంతెత్తినప్పుడు మైనస్ 10 దాటకుండా ఉండాలి. శ్రుతి చేసుకుంటున్నప్పటి స్థాయిని చూసి మోసపోరాదు. యుద్ధఘట్టం వచ్చినప్పుడు భాగవతార్ గారి గొంతు ఎక్కడికి పోతుందో ఊహించి, అంత ఖాళీ ముందే వదిలిపెట్టాలి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరువకూడదు, మధ్యలో కాల్ వస్తే చాలా యాప్‌లు రికార్డింగును ఆపేస్తాయి.

బ్లూటూత్ గురించి కూడా అడుగుతుంటారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో పాట వినేటప్పుడు ఒక పద్ధతి, వాటి మైకును వాడేటప్పుడు మరొక పద్ధతి నడుస్తాయి. మామూలుగా వాడుకలో ఉన్న రెండో పద్ధతిలో ధ్వనిని సెకనుకు 8 వేల సార్లో, కాస్త మెరుగైన వాటిలో 16 వేల సార్లో మాత్రమే కొలుస్తారు. ఫోన్ మాటలకు చాలు; ఫిడేలుకూ చిడతలకూ చాలదు. టైప్-సీ రిసీవర్‌తో వచ్చే చిన్న వైర్‌లెస్ కాలర్ మైకులు వేరే సంగతి. అవి 2.4 గిగాహెర్ట్జ్ మీద తమ సొంత పద్ధతిలో పనిచేస్తాయి, కళాకారులతో ఇంటర్వ్యూకు భేషుగ్గా ఉంటాయి.

వైరు నుంచి వచ్చిన ధ్వని ఎంత శుభ్రంగా ఉన్నా దానిలో ఒక లోపం మిగులుతుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చిన్న పందిరిలో మృదంగం, గజ్జెలు వాటంతట అవే అందరికీ వినిపిస్తాయి కాబట్టి మైక్‌సెట్టు వారు వాటికి మైకు పెట్టరు, పెట్టినా తక్కువగా ఉంచుతారు. అందువల్ల మిక్సర్ నుంచి తీసుకున్న రికార్డింగులో గొంతు నిండుగా, మృదంగం ఎక్కడో లోతులో ఉంటాయి. కీర్తన ముగింపులో మృదంగం తీర్మానం వేసినప్పుడు అక్కడ ఉన్నవారి ఒళ్ళు పులకరిస్తుంది, రికార్డింగు విన్నవారికి ఏమీ అనిపించదు. అందుకని రెండో ఫోనును వేదికకు ఐదారు అడుగుల దూరంలో, పక్కవాద్యాల వైపు తిప్పి, దాని సొంత మైకుతోనే రికార్డు చేయనివ్వాలి. ఇంటికి వచ్చాక ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టి కలుపుకుంటే గొంతు మొదటిదాని నుంచి, గాలీ లయా రెండోదాని నుంచి వస్తాయి. రెంటినీ సరిచూసుకోవడానికి వేరే చప్పట్లు కొట్టనక్కరలేదు. చిడతల తొలి దెబ్బ రెండు ఫైళ్ళలోనూ సూదిమొనలా నిటారుగా కనిపిస్తుంది.

అయితే రెండు ఫోన్ల లోపలి గడియారాలు ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంట తిరిగేసరికి 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. దెబ్బ రెండుసార్లు వినిపించడానికి అది చాలు. కాబట్టి కథ మధ్యలో ప్రతి కీర్తన మొదట్లోనూ చిడతల దెబ్బను పట్టుకుని, అక్కడ ఫైలును కోసి, మళ్ళీ సరిచేయాలి. ఓపిక కావలసిన పని. నేను ఆ పని చేస్తూనే కథను రెండోసారి, మూడోసారి వింటాను, పందిట్లో తప్పిపోయిన పద్యాలెన్నో అప్పుడే నాకు పట్టుబడ్డాయి.

ఆఖరిగా, మంగళం పాడే వేళ. హారతి పళ్ళెం తిరుగుతుండగానే మైక్‌సెట్టు వారు సామాన్లు సర్దుకునే తొందరలో యాంప్లిఫయర్‌ను ఆపేస్తారు, వైర్లు లాగేస్తారు. వావ్ ఫైలు మొత్తం పొడవెంతో ఫైలు తలలో రాసుకునేది చాలా యాప్‌లు రికార్డింగును ఆపినప్పుడే. మధ్యలో యూఎస్‌బీ వైరు ఊడినా, బ్యాటరీ అయిపోయినా ఆ రాత పూర్తి కాక ఫైలు తెరుచుకోకపోవచ్చు. ధ్వని లోపలే ఉంటుంది గాని దాన్ని ఆడాసిటీలో ముడి డేటాగా తెరిచి రాబట్టుకోవలసి వస్తుంది. అందుకని మంగళం మొదలవగానే నేను యాంప్లిఫయర్ పక్కకు చేరతాను. ముందు యాప్‌లో ఆపు బటన్, ఆ తరువాత కథ మధ్యలోని ఒక పది సెకన్లను హెడ్‌ఫోన్స్‌లో వినడం, అది సరిగా ఉందని తేలాకే వైరు పీకడం. ఆ రాత్రే ఫైలును కంప్యూటర్‌లోకీ, ఒక పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించి, ఊరు, తేదీ, కథ పేరు, పక్కవాద్యకారుల పేర్లు ఫైలు పేరులోనే రాసిపెడతాను. పెన్‌డ్రైవ్ భాగవతార్ గారికి వెళుతుంది.